వెబ్ ఫ్రేమ్‌వర్కులు : గోదావరి జిల్లాలలో ప్రథమాభ్యాసము

బ్రౌజరులో ఒక చిరునామా కొట్టినది మొదలు, కోరిన పుట తెరపై నిలుచువరకు, సర్వరునందు వరుసగా జరుగవలసిన పనులు కొన్ని కలవు: వచ్చిన అభ్యర్థనను చదివి అది ఏ పుటను గూర్చినదో తేల్చుట, అడిగినవారు లాగిన్ అయినవారా కారా యని విచారించుట, డేటాబేసునుండి కావలసిన వివరములను తెచ్చుట, వానిని హెచ్‌టీఎంఎల్ రూపమున పేర్చి తిరిగి పంపుట. పుస్తకముల అంగడికైనను, పరీక్షా ఫలితముల సైటుకైనను ఈ పనులలో భేదము లేదు. భేదమెల్ల ఏ వివరములు, ఏ నియమములు అనుదానిలోనే. కావున ఎల్ల సైట్లకు సమానమైన భాగమును ముందుగానే వ్రాసి, పరీక్షించి, సైటుసైటునకు మారు భాగమునకు మాత్రము తావు విడిచి, ప్రోగ్రామరులకు అందించు సిద్ధసామగ్రికి వెబ్ ఫ్రేమ్‌వర్కు అని పేరు. లైబ్రరీకిని దీనికిని గల అంతరము సూక్ష్మమైనను ముఖ్యమైనది: లైబ్రరీని మన ప్రోగ్రాము తనకు వలసినపుడు పిలుచుకొనును, ఫ్రేమ్‌వర్కో, తానే నడచుచు, తనకు వలసినపుడు మన ప్రోగ్రామును పిలుచును. క్రొత్తగా నేర్చువాడు తికమకపడుట ఈ తావుననే. తాను వ్రాసిన ఫంక్షనును ఎవరు పిలిచిరో, ఎప్పుడు పిలిచిరో తెలియక, అది పనిచేసినపుడు సంతోషించియు, చేయనపుడు ఎక్కడ వెదకవలెనో ఎరుగకయు ఉండును.

ఈ సామగ్రులలో దేనితో చదువు ఆరంభింపవలెనను ప్రశ్న గోదావరి డెల్టాలో కేవలము విద్యావిషయకము కాదు, జీవనోపాధికి సంబంధించినది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనమున ప్రధానముగా తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు అను ఐదు జిల్లాలలోనికి సర్దుకొన్న ఈ ప్రాంతము, వరికిని, కొబ్బరికిని, చేపల చెరువులకును ఎంత ప్రసిద్ధమో, ఇంజనీరింగు కళాశాలలకును నేడంత ప్రసిద్ధము. 1946లో విశాఖపట్టణము పేర వెలసి కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున భాగమై, 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. భీమవరమున ఎస్‌ఆర్‌కేఆర్ కళాశాల 1980 నుండియు, రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము 2006 నుండియు, తాడేపల్లిగూడెమున ఎన్‌ఐటీ 2015 నుండియు నడచుచున్నవి. ఇందు కంప్యూటర్ సైన్సు చదువు పిల్లలలో అధికసంఖ్యాకులు ఏదో యొక నాడు, సాధారణముగా మూడవ సంవత్సరమున, “ముందు ఏది నేర్చుకోమంటారు?” అని సీనియరునో, లెక్చరరునో, హైదరాబాదులో నున్న పెదనాన్నగారి అబ్బాయినో అడుగుదురు. లభించు సమాధానము చెప్పువాని ఉద్యోగమునుబట్టి యుండును గాని అడుగువాని స్థితినిబట్టి యుండుట అరుదు.

ఉత్పత్తి క్రమము

వెబ్బు పుట్టిన తొలి దినములలో ఫ్రేమ్‌వర్కులు లేవు. 1993లో రూపొందిన సీజీఐ పద్ధతిని అనుసరించి సర్వరు ప్రతి అభ్యర్థనకును ఒక ప్రోగ్రామును, ఎక్కువగా పెర్లు భాషలో నున్నదానిని, నడిపి దాని ఫలితమును బ్రౌజరుకు పంపుచుండెడిది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయలుపరచిన పీహెచ్‌పీ, హెచ్‌టీఎంఎల్ నడుమనే ప్రోగ్రామును వ్రాయు సౌలభ్యమును కలిగించుటచే శీఘ్రముగా వ్యాపించినది. జావాలో సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు ఆ దశాబ్దము ముగియులోపల వచ్చినవి. సైట్లు పెద్దవైనకొలది, పుట ఆకారమును, డేటాబేసు వ్యవహారమును, వ్యాపార నియమములను ఒకే ఫైలులో కలగాపులగముగా వ్రాయుట దుర్భరమై, ఈ మూటిని వేరుచేయు ఎమ్‌వీసీ అను విభజనవైపు అందరి దృష్టి మరలినది. ఇది వెబ్బు కొరకు పుట్టినది కాదు. 1979లో జెరాక్సు వారి పరిశోధనాలయమున ట్రిగ్వె రీన్‌స్కౌగ్ అను నార్వే శాస్త్రజ్ఞుడు స్మాల్‌టాక్ భాషకై ఊహించినది. దానిని జావా వెబ్బునకు అన్వయించి క్రెయిగ్ మెక్‌క్లానహన్ 2000లో స్ట్రట్స్‌ను వెలువరించెను. రాడ్ జాన్సన్ వ్రాసిన పుస్తకమునుండి పెరిగి 2003లో స్ప్రింగ్ బయలుదేరినది.

2004లో డెన్మార్కు దేశీయుడు డేవిడ్ హైనమైయర్ హాన్సన్ తన సంస్థ సైటునుండి విడదీసి ప్రకటించిన రూబీ ఆన్ రైల్స్, పదునైదు నిమిషములలో ఒక బ్లాగును కట్టి చూపిన వీడియోతో ప్రోగ్రామరుల లోకమును కలవరపరచినదనుట అతిశయోక్తి కాదు. అప్పటికే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున లారెన్స్ జర్నల్-వరల్డ్ అను దినపత్రిక కార్యాలయమున, వార్తా గడువుల ఒత్తిడికి లోనై, ఆడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనువారు పైథానులో ఒక సామగ్రిని కట్టుకొనుచుండిరి; జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేర అది 2005 జులైలో జాంగోగా లోకమునకు అందినది. పత్రికా కార్యాలయమున పుట్టిన లక్షణము దానియందు నేటికిని కనబడును: విలేకరులు, సంపాదకులు నేరుగా వివరములు ఎక్కించుటకు వలసిన అడ్మిన్ పుటలను అడుగకయే ఇచ్చును. పైథానులోనే మరియొకటి, ఫ్లాస్కు, 2010 ఏప్రిల్ 1న ఆర్మిన్ రొనాకర్ చేసిన పరిహాసమునుండి పుట్టినది. ఆ హాస్యమునకు జనులనుండి వచ్చిన ఆదరణమే దానిని నిజమైన సామగ్రిగా మార్చినది. పీహెచ్‌పీ వారికి 2011లో టేలర్ ఆట్‌వెల్ లారావెల్‌ను ఇచ్చెను.

ఇంతవరకు చెప్పినవన్నియు సర్వరునందు పనిచేయునవి. బ్రౌజరులోనే నడచుటకై 1995లో బ్రెండన్ ఐక్ చేసిన జావాస్క్రిప్టును 2009లో రయన్ డాల్ నోడ్ పేర సర్వరుమీదికి తెచ్చుటతో లెక్క మారినది. మరుసటి యేట ఎక్స్‌ప్రెస్ వచ్చినది. మరియొక ప్రక్క, బ్రౌజరులోని పుటలే ప్రోగ్రాములంత పెద్దవగుటచే వానికి ప్రత్యేక సామగ్రులు పుట్టినవి: గూగుల్ వారి యాంగులర్‌జేఎస్ 2010లో, ఫేస్‌బుక్కు వారి రియాక్టు 2013లో, ఇవాన్ యూ రచించిన వ్యూ 2014లో. రియాక్టు తనను లైబ్రరీ యనియే చెప్పుకొనును. విద్యార్థులు జాంగో మంచిదా రియాక్టు మంచిదా యని వాదించుట తరచుగా వినుచున్నాము. ఒకటి సర్వరులోనిది, మరియొకటి బ్రౌజరులోనిది, రెంటిని కలిపి వాడువారు అనేకులు కలరు కాబట్టి ఆ వాదమునకు అర్థము లేదు.

అమీర్‌పేట కాలము

1998 నవంబరులో హైదరాబాదున ఐటీ సంస్థల కొరకు కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాతి దశాబ్దమున, గోదావరి జిల్లాల పట్టభద్రుడు ఏ ఫ్రేమ్‌వర్కు నేర్వవలెనో నిర్ణయించినది కళాశాల కాదు, ఆ నగరమున కోచింగు సంస్థలు నిండిన అమీర్‌పేట. డిగ్రీ చేతికి వచ్చిన వేసవిలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఎవరో ఊరివాని గదిలో చాప పరచుకొని, మైత్రీవనము పరిసరముల సంస్థలలో డెమో క్లాసులు రెండు మూడు విని, ఫ్యాకల్టీ గొంతు నచ్చినచోట ఫీజు కట్టుట ఆనాటి ఆచారము. జావా, డాట్‌నెట్ అను రెండు మార్గములే ప్రధానముగా తెరచియుండెడివి. జావాపక్షము వారికి కోర్ జావా, పిదప అడ్వాన్స్‌డ్ జావా, పిదప స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అని యొక క్రమము ఏర్పడి, వంటలో తాలింపు తరువాత కూర వేయునంత సహజముగా చెల్లుబాటయ్యెను.

ఆ పద్ధతిని చులకనచేయుట నేటి తరమునకు పరిపాటి. ఇంటర్‌వ్యూ ప్రశ్నలకు సమాధానములు బట్టీపట్టించెడివారనియు, చేయని ప్రాజెక్టులను రెజ్యూమేలో పెట్టించెడివారనియు వచ్చు విమర్శలో సత్యము లేకపోలేదు. ఐనను ఆ క్రమమునందొక గుణము కలదు. అడ్వాన్స్‌డ్ జావా యనగా జేడీబీసీ, సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలే. అనగా విద్యార్థి స్ట్రట్స్‌ను ముట్టుకొనకముందే డేటాబేసుకు తానే కనెక్షను తెరచి, ప్రశ్న పంపి, వచ్చిన వరుసలను లూపులో చదివి, సెషనులో విలువ దాచి, కుకీ పంపి చూచియుండెడివాడు. ఫ్రేమ్‌వర్కు ఏ పనిని తన నెత్తిన వేసికొనినదో అతనికి అనుభవపూర్వకముగా తెలియును. స్ట్రట్స్ మొదటి సంచికకు 2013లో మద్దతు నిలిచిపోయినపుడు, దానిని మాత్రమే నేర్చినవారు చిక్కుపడిరి గాని, క్రింది మెట్టు గట్టిగా ఎక్కినవారు స్ప్రింగ్‌లోనికి పెద్ద ప్రయాస లేకయే మరలగలిగిరి. 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చి, పుటలకొలది ఎక్స్‌ఎంఎల్ వ్రాయు బాధను తొలగించిన పిమ్మట ఈ మార్గము మరింత సుగమమై, ఫుల్‌స్టాక్ జావా యను పేర నేటికిని సాగుచున్నది.

పాఠ్యక్రమములు

కాకినాడ విశ్వవిద్యాలయపు పూర్వ నియమావళులలో వెబ్ టెక్నాలజీస్ అను పేపరు ఒకటి యుండెడిది. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు, ఎక్స్‌ఎంఎల్, పీహెచ్‌పీ, పెర్లు, రూబీ, ఇవి యన్నియు ఒకే సెమిస్టరున, యూనిట్టునకొక్కటి చొప్పున! ఆరు భాషల అక్షరాభ్యాసము చేసి ఏ యొక్కదానిలోను వాక్యము వ్రాయలేని స్థితి దానివలన కలిగినదని చెప్పక తప్పదు. 2020 నాటి ఆర్-20 నియమావళి ఈ విస్తారమును వదలి, నైపుణ్యకోర్సు క్రింద మీన్ స్టాక్‌ను రెండు మాడ్యూళ్ళుగా ప్రవేశపెట్టినది: మొదటిదానిలో హెచ్‌టీఎంఎల్-5, జావాస్క్రిప్టు, నోడ్, ఎక్స్‌ప్రెస్, టైప్‌స్క్రిప్టు, రెండవదానిలో యాంగులర్, మాంగోడీబీ అను డేటాబేసు. ప్రయోగములకు ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డులోని పాఠములను జతపరచిరి. ఇచటనొక చిక్కు పొడమినది. పాఠ్యక్రమమున యాంగులర్‌జేఎస్ అను పేరే నిలిచినది గాని, నేర్పినది 2016లో సమూలముగా తిరిగి వ్రాయబడిన యాంగులర్. పాత యాంగులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరుతో మద్దతు ముగిసినది. ఆ పేరుతో వెదకిన పిల్లలకు పాతదాని పాఠములు దొరకి, ల్యాబులో అవి పనిచేయకపోవుట జరుగుచుండెడిది.

2023లో చేరినవారికి వర్తించు ఆర్-23 నియమావళిలో ఫుల్ స్టాక్ డెవలప్‌మెంటు-1, 2 అను రెండు కోర్సులున్నవి. రెండవ సంవత్సరమున వచ్చు మొదటి కోర్సు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టులతో సాగి నోడ్‌తో ముగియును. మూడవ సంవత్సరమున వచ్చు రెండవ కోర్సులో ఎక్స్‌ప్రెస్, రియాక్టు, మాంగోడీబీ నేర్పబడును. ఎక్స్‌ప్రెస్‌లో రూటింగు, ఫారముల సమాచారము, కుకీలు, సెషనులు ముందు చేయించి, రియాక్టును తరువాత నుంచుట ఎంతయు మెచ్చదగినది. బయటి కోచింగులలో ఈ వరుసను తలక్రిందులు చేసి, తెరపై బొమ్మలు త్వరగా కదలునను ఆశతో రియాక్టుతో మొదలుపెట్టుదురు. అట్టి శిష్యుడు బటను నొక్కిన తరువాత వివరము ఎక్కడికి పోయినదని అడిగినచో నీళ్ళు నములును.

డిగ్రీ కళాశాలల దారి వేరు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020లో సవరించిన పాఠ్యక్రమము ప్రకారము బీఎస్సీ కంప్యూటర్సు వారికి ఐదవ సెమిస్టరు నైపుణ్యకోర్సులలో వెబ్ పుటల రూపకల్పనతోపాటు వర్డ్‌ప్రెస్, పీహెచ్‌పీ, మైసీక్వెల్ చోటుచేసికొనినవి. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, అన్న బీటెక్కులో మాంగోడీబీయు, తమ్ముడు బీఎస్సీలో మైసీక్వెలును చదువుట చూడవచ్చును. ఇంజనీరింగువారు పీహెచ్‌పీని కొంత తక్కువచూపు చూతురు గాని, ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి నలుబదికి పైగా వర్డ్‌ప్రెస్‌పై నడచుచుండగా, చవకైన హోస్టింగు ఏదైనను పీహెచ్‌పీని అదనపు శ్రమ లేకయే నడుపుచుండగా, రాజమహేంద్రవరమున బట్టల కొట్టువానికో భీమవరమున రొయ్యల మేత డీలరుకో సైటు చేసి తొలి సంపాదన కండ్ల చూచువాడు తమ్ముడే కావచ్చును.

ఎన్నిక

ఉద్యోగ ప్రకటనలను లెక్కించి మొదటి ఫ్రేమ్‌వర్కును ఎన్నుకొనుట సర్వసాధారణమైన పద్ధతి. అది రెండవదానికి తగిన పద్ధతియే గాని మొదటిదానికి కాదు. మొదటిదానివలన కలుగవలసిన లాభము ఆ పేరు రెజ్యూమేలో చేరుట కాదు. అభ్యర్థన, ఫారము, డేటాబేసు, సెషను అను నాలుగింటి సంబంధము మనసున నాటుకొనుట. అందుకు రెండు నియమములు చాలును: విద్యార్థికి ముందే చేతనైన భాషలో అది యుండవలెను, అది దాచిన యంత్రమును వలసినపుడు తెరచి చూచుటకు వీలుండవలెను. క్రొత్త భాషను, క్రొత్త ఫ్రేమ్‌వర్కును ఒక్కసారిగా తలకెత్తుకొనినవాడు, ఎర్రయక్షరములలో దోషము కనబడినపుడు అది భాషలోనిదో ఫ్రేమ్‌వర్కులోనిదో తెలియక రాత్రులు పాడుచేసికొనును.

ఒక ఉదాహరణమును దగ్గరగా పరిశీలింతము. రాజమహేంద్రవరమునకు అనతిదూరమున కడియము, కడియపులంక గ్రామములలో నర్సరీలు విస్తారముగా నున్నవి. అచటి మొక్కలు లారీలలో దేశమునందలి దూరప్రాంతములకు పోవుచుండును. ఒక నర్సరీకి సరుకు పట్టిక కావలెననుకొందము: మొక్క పేరు, కవరు సైజు, ధర, ఉన్న సంఖ్య. ఇంతకన్న చిన్న సైటు లేదు, అయినను ఇందు నేర్వవలసినదంతయు కలదు.

జాంగోలో ఈ నాలుగు అంశములను మోడల్సు అను ఫైలులో నాలుగు వరుసలుగా వ్రాసి, మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ అను రెండు ఆదేశములిచ్చినచో డేటాబేసులో పట్టిక తయారగును. అడ్మిన్ ఫైలులో ఒక్క వరుస చేర్చి, సూపర్‌యూజరును సృష్టించి, సర్వరును నడిపినంతనే 8000 పోర్టున లాగిన్ పుట ప్రత్యక్షమై, మొక్కలను చేర్చుటకు, దిద్దుటకు, తీసివేయుటకు వలసినదంతయు సిద్ధముగా నుండును. నర్సరీ యజమాని కుమారునికి ఆ సాయంకాలమే చూపించి, ధరలు ఎక్కించుమని చెప్పవచ్చును. దీని ప్రమాదమును ఇందులోనే యున్నది: అంతయు తానే చేసిపెట్టుటచే విద్యార్థి ఏమియు చూడడు. విరుగుడు కష్టము కాదు. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ అను ఆదేశముచే పట్టికలను కట్టుటకు, మార్చుటకు జాంగో డేటాబేసుకు పంపు వాక్యములను యథాతథముగా తెరపై చదువవచ్చును. ప్రతి మైగ్రేషనునకు ముందు దీనిని చదువుట అలవాటుచేసికొనినవానికి ఎస్‌క్యూఎల్‌లో పట్టికలు కట్టు భాగమును వేరుగా నేర్పనక్కరలేదనుట కొంచెము హెచ్చుమాటయే గాని, అబద్ధము మాత్రము కాదు.

ఇదే పట్టికను ఫ్లాస్కుతో కట్టువాడు కొన్ని వరుసలలోనే తొలి పుటను చూచును. తరువాత డేటాబేసుకొకటి, ఫారములకొకటి, లాగినునకొకటి తానే ఏరి తెచ్చుకొనవలెను. ఎక్స్‌ప్రెస్ స్వభావమును అట్టిదే. ప్రతిదానిని తానే అమర్చుటవలన లోపలి యంత్రము బాగుగా అర్థమగును. కాని ఏవి ఏరవలెనో తెలియుటకే కొంత అనుభవము కావలెను, ఆ అనుభవము లేకయేగదా మొదటిది నేర్చుట! దగ్గర కూర్చుండి దిద్దు గురువున్నచో ఫ్లాస్కు శ్రేష్ఠము. ఒంటరిగా, ఫోను హాట్‌స్పాటుతో, రాత్రివేళ చదువుకొనువానికి జాంగో శ్రేష్ఠమని నా అభిప్రాయము. దాని అధికార గ్రంథములోని ట్యుటోరియలు, ఓట్ల సైటొకటి కట్టించు పాఠము, క్రొత్త సంచికలతోపాటు దిద్దబడుచు వచ్చుచున్నది. యూట్యూబులో తెలుగున చెప్పు పాఠములకన్న ఇది మందకొడిగా తోచినను, పాతబడి మోసగింపదు.

భద్రతవిషయము ఇచట చెప్పవలసియున్నది. నర్సరీ సైటులో మొక్క పేరు వెదకు పెట్టె యొకటి యుండును. ఫ్రేమ్‌వర్కు లేని పీహెచ్‌పీలో విద్యార్థి సామాన్యముగా, పెట్టెలో టైపుచేసిన మాటను ఎస్‌క్యూఎల్ వాక్యమునకు నేరుగా అతికించును. మందార అని కొట్టినంతకాలము బాగుగనే యుండును. ఎవడైన ఒక కొటేషను గుర్తు పెట్టి, దాని వెనుక తన సొంత ఎస్‌క్యూఎల్ ముక్కను తగిలించిననాడు, పట్టికయంతయు వాని వశమగును. జాంగో, రైల్స్, లారావెల్ మొదలగువాని డేటాబేసు పొరలు వాక్యమును, విలువను వేర్వేరుగా పంపుటచే ఈ అపాయమును సహజముగా తప్పించును. మొదట ఒకమారు పాతపద్ధతిలో వ్రాసి, తన సైటును తానే కొల్లగొట్టి చూచి, పిదప ఫ్రేమ్‌వర్కులో అదే ప్రయత్నము విఫలమగుట చూచువాడు, రక్షణ ఎక్కడినుండి వచ్చుచున్నదో ఎన్నటికిని మరువడు.

జావా వచ్చినవారు స్ప్రింగ్ బూట్‌కు పోవుట యుక్తమే. కాని ఒక్క సర్వ్‌లెట్టునైనను చేతితో వ్రాయక, అనొటేషనులను మంత్రాక్షరములవలె తలపై చల్లుకొని పోరాదు. రైల్స్ చక్కదనమున దేనికిని తీసిపోదు. ఈ జిల్లాలలో రూబీ పరిచయమున్న సహాధ్యాయి దొరకుట అరుదు కాబట్టి మాత్రమే దానిని మొదటిదిగా సూచింపలేకున్నాను. లారావెల్ విషయమున, డిగ్రీ కళాశాలల సందర్భమున పీహెచ్‌పీని గూర్చి చెప్పినదే చాలును: పీహెచ్‌పీ వచ్చినవానికి అది సహజమైన తరువాతి మెట్టు.

కాలపరిమితి, హోస్టింగు

ఫ్రేమ్‌వర్కులకు ఆయుఃపరిమాణము కలదు. జాంగో తన దీర్ఘకాల సంచికలను మూడు సంవత్సరముల వరకు పోషించునని ముందుగానే ప్రకటించును. బ్రౌజరు పక్షమున మార్పు వేగము హెచ్చు: 2019లో హుక్సు అను క్రొత్త పద్ధతి వచ్చుటతో రియాక్టు పాఠములలో అధికభాగము పాతబడినది, ఎన్నో కోచింగు నోట్సులలో మొదటి పుటగా నున్న క్రియేట్ రియాక్ట్ యాప్ 2025 ఫిబ్రవరిలో విరమింపబడినది. పాఠమును ఎన్నుకొనునపుడు దాని తారీఖు చూచుట, దానిలో వాడిన సంచికనే తన కంప్యూటరులో పెట్టుకొనుట, ఇవి చిన్న జాగ్రత్తలే గాని అనేకదినముల చికాకును తప్పించును.

కట్టిన సైటును పదిమందికి కనబడునట్లు పెట్టుట విద్యలో అంతర్భాగము. హెరోకూ అను సంస్థ తన ఉచితసేవను 2022 నవంబరు 28న నిలిపివేయువరకు ఫైనలియరు ప్రాజెక్టులెన్నో అచటనే కాలక్షేపము చేసినవి. ఇప్పుడు పైథాను వారికి పైథాన్ఎనీవేర్ వంటివి కొంత ఆశ్రయమిచ్చుచున్నవి. గిట్‌హబ్ పేజెస్‌లో జాంగో నడువదు. అది మార్పులేని పుటలకు మాత్రమే. ఈ సంగతి డెమో ముందటిరోజు తెలిసికొనువారు ప్రతి బ్యాచిలోను ఉందురు.

తెలుగు లిపి విషయము

ఈ జిల్లాల విద్యార్థి కట్టు సైటులో నేడో రేపో తెలుగు ప్రవేశించును. ఫ్రేమ్‌వర్కులను నేర్పు పుస్తకములలో ఈ ప్రసక్తి కానరాదు కాబట్టి ఇచట కొంత చెప్పుట అవసరము. యూనికోడులో మందార అను మాట ఐదు సంకేతముల కూర్పు: మకారము, సున్న, దకారము, దీర్ఘము, రకారము. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక తెలుగు సంకేతమునకు మూడేసి బైట్ల చొప్పున మొత్తము పదునైదు బైట్లు. పైథాను, జావాస్క్రిప్టు, జావా ఈ మాట పొడవు ఐదనును. పీహెచ్‌పీలోని స్ట్రెలెన్ పదునైదనును, ఐదను సమాధానమునకు ఎంబీ_స్ట్రెలెన్ వాడవలెను. మన కంటికి అక్షరములు మూడే. పేరునకు ఇన్ని అక్షరములకు మించరాదని ఫారములో నియమము పెట్టువాడు ఏ లెక్కను ఉద్దేశించెనో ముందే తేల్చుకొనవలెను. అకారాది క్రమమునందును చిన్న తేడా కలదు. మన వర్ణమాలలో హకారము తరువాత వచ్చు ళకారము యూనికోడు వరుసలో లకారమునకు పొరుగున నున్నది.

ఇంతకన్న వింతైనది పుట చిరునామాల విషయము. పేరునుండి చిరునామా ముక్కను తయారుచేయుటకు జాంగోలో స్లగిఫై అను ఫంక్షను కలదు. దానికి మందార యని ఇచ్చినచో శూన్యము వచ్చును, ఏలయన అది సహజముగా ఇంగ్లీషు అక్షరములను మాత్రమే నిలుపును. యూనికోడును అనుమతింపుమని ప్రత్యేకముగా చెప్పినచో మదర యని వచ్చును: పైథాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషను దృష్టిలో సున్నయు, దీర్ఘమును అక్షరములు కావు, కాబట్టి అవి రాలిపోవును. మందారకు పట్టిన గతియే సంపెంగకును పట్టును. ఇందుకు కొందరు స్లగిఫైని తామే తిరిగి వ్రాసికొందురు. నర్సరీవంటి చిన్న సైటులో మొక్క పేరును పుటలోనే ఉంచి, చిరునామాలో దాని వరుససంఖ్యను వాడుట తేలిక, పేరు దిద్దినను పాత లింకు చెడదు.